జేబులో ఫ్యూజు

"ఫ్యూజు ఇటివ్వు," అని బావ నిచ్చెన కింద నిలబడి చెయ్యి చాపాడు.

ఇవ్వనన్నాడు పైనున్న బామ్మర్ది. ఎలక్ట్రీషియన్ పని నేర్చిన పాపానికి, బావగారి కరెంటు కుట్టు మిషన్ల షెడ్డులో ఆ పూట తిట్లు తింటున్నాడు. కుట్టేవాళ్ల నెత్తిమీద వేలాడే వైరు తొడుగు కాలిపోయి, బట్టల మీద నిప్పురవ్వలు రాలుతుంటే, బయట పెట్టెలో ఫ్యూజు పీకి జేబులో వేసుకుని మరీ నిచ్చెనెక్కాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. అదీ అతను చేసిన నేరం.

సాయంత్రానికి ఆస్పత్రి గౌన్లు అందకపోతే ఆర్డరు పోతుందని బావ గోల. రవ్వలదేముంది, రాలినవి రాలినట్టే ఆరిపోతాయట. అసలు కరెంటు సంగతి తనకు చెప్పొద్దన్నాడు. ఒకసారి అది తనని పట్టుకుని, అరికాలి నుంచి తలదాకా ఒళ్లంతా తిరిగి, తనంతట తనే వదిలేసి పోయిందట.

"తల దాకా వెళ్లాక అక్కడేమీ కనపడి ఉండదు బావా," అన్నాడు బామ్మర్ది.

మిషన్ల దగ్గర ఆడవాళ్లు తలలు వంచుకుని నవ్వుకున్నారు. బావకు ఒళ్లు మండింది. తమ్ముడికి బుద్ధి చెప్పమని పెళ్లాం మీదికి తిరిగాడు. ఆవిడ మొదటి మిషన్ దగ్గర కూర్చుని దారం తెంపుతోంది.

"ఆ వైరు కింద కూర్చునేది మీరు కాదు, నేను. వాణ్ణి పని చేసుకోనివ్వండి."

ఇక రేపటినుంచి ఈ గడప తొక్కొద్దనీ, వేరేవాణ్ణి పెట్టుకుంటాననీ బావ చిందులు తొక్కాడు.

"పెట్టుకో. వాడికీ ఉండేది ఒక్క ప్రాణమే," అన్నాడు బామ్మర్ది. "ఈ ఫ్యూజు నా జేబులో ఉన్నంతసేపే ఈ తీగ నాకు పుల్లతో సమానం. అది నీ చేతికిస్తే నేను మా అక్కకి శవంగా దొరుకుతాను."

బావ విసవిసా బయటికి వెళ్లిపోయాడు.

మనిషి ప్రాణం గౌను గుండీ పాటి చెయ్యదా అని కుతకుతలాడిపోతూనే, బామ్మర్ది కాలిన ముక్క కోసి పారేశాడు. తీగ కొసలు ఒలిచి చెరో చేత్తో పట్టుకున్నాడు.

కాసేపటికి బావ తిరిగొచ్చాడు. ముఖంలో చిటపటలేమీ లేవు. స్టూలు లాక్కుని, కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. తన మాట ఎక్కడో తగిలి ఉంటుందనుకున్నాడు బామ్మర్ది. పాపం, అతని కోపం కూడా కాస్త చల్లారింది.

"ఇంకాస్సేపే బావా. దిగగానే ఫ్యూజు నేనే పెట్టేస్తా."

"నిదానంగా కానీరా, ఆ ఫ్యూజు నీ దగ్గరే ఉంచుకో. ఇందాకే దాని చోట్లో రాగితీగ చుట్టి పెట్టేశాను. సరిగ్గా అప్పుడే వీధంతా కరెంటు పోయి చచ్చింది గానీ, రాగానే మిషన్లు వాటంతటవే తిరుగుతాయి."