మూడు మొక్కల గుడారం

జర్మనీలో, డార్ట్‌మండ్‌లోని తన పడకగదిలో డెట్లెఫ్, ఇంట్లో మొక్కలు పెంచే చిన్న గుడారం కడ్డీని మూడోసారి ఊడదీశాడు. లేచి, కిటికీకి కట్టిన దుప్పటి సర్ది, మళ్లీ కూర్చున్నాడు.

“ముప్పై ఏళ్లు పోలీసువి. ఎన్ని గంజాయి గుడారాలు పీకావో! ఒక్కటి నిలబెట్టలేవా?” మంచం మీద నుంచి అతని భార్య హైకె నవ్వింది. వెన్ను నొప్పితో ఆమెకు నిద్ర పట్టి నెలలైంది.

“పీకడమే నేర్పారు మరి.”

“ఇప్పుడు మనిషికి మూడు గంజాయి మొక్కలు చట్టమే ఒప్పుకుందిగా. ఆ దుప్పటెందుకయ్యా?”

“మొక్కలకి పెట్టే దీపం వెలుగు వీధిలోకి కనబడుతుంది. మేం అలాగే పట్టుకునేవాళ్లం.” అతని చేతులు ఆగాయి. “అలా దొరికినవాడొకడు, ‘మా అమ్మ నొప్పి కోసం సార్’ అన్నాడు. అందరం నవ్వాం.”

“తర్వాత ఆవిడకెలా ఉందట?”

డెట్లెఫ్ కడ్డీని ఒళ్లో పెట్టుకున్నాడు.

“అడగలేదు.”