నమ్మదగిన మొగుడు

లేని మొగుడికి ఇంకే సుగుణం తగిలించాలి? ఒంటరి ఆడదానికి అద్దెకు గది ఇవ్వరు కాబట్టి ఆమె పుట్టించిన మనిషి అతను. తాగడు, కసరడు, వంట చేస్తాడు, వేరే ఊళ్లో ఉద్యోగం. అయినా ఇంటావిడ తాళం చేతికివ్వడం లేదు.

“ఇలాంటివాడు కథల్లోనూ ఉండడమ్మాయ్. అంత మంచివాడు గది చూడ్డానికి రాలేదేం?”

“పంతం మనిషండీ,” ఆమె తడబడింది. “చెప్పకుండా గది చూశానని అలిగాడు.”

ఇంటావిడ కళ్లు మెరిశాయి. “అలా చెప్పు! ఫోన్ కూడా చెయ్యడా?”

“నేనే ముందు చెయ్యాలి.”

“ఇంట్లో ఉన్నా పలకడా?”

“కంచం తోసేస్తాడు.”

“అచ్చం మా ఆయనే!”

సుగుణాలేవీ అతకలేదు గానీ, ఒక్క పంతంతో అతనికి ముక్కూ మొహం వచ్చేశాయి. అతని మీద ఆమెకే ఒళ్లు మండుతోంది.

“మగాళ్లంతేనమ్మా, మనమే తగ్గాలి. ఇప్పుడే ఫోన్ చేసి తప్పయిందను. గది నీదే.”

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుంది. అవతల ఎవరూ లేరు. ఒక్క మాట అనేస్తే గది దొరుకుతుంది. ఆ మొండిమొహాన్ని బతిమాలడమా?

ఫోన్ సంచిలో పడేసింది. “నాకసలు పెళ్లే కాలేదండీ,” అంది.