పచ్చిక కింద గది

తలుపు కదల్లేదు. సుప్రీత రెండు చేతులతో పిడి పట్టుకుని లాగింది. భుజం ఆనించి తోసింది. ఊహూఁ.

“లాక్ పడిపోయినట్టుండాది మిస్,” అనింది, గొంతులో కంగారు తెలియనీయకుండా.

“ఫోను చెయ్యమ్మా ఎవరికైనా,” అనింది మార్తా. ఆమె రిటైరైన టీచరు, మ్యూజియం కమిటీలో మెంబరు. తెల్లారితే ప్రారంభోత్సవం కదా, కడసారి చూసి పోదామని ఆర్కిటెక్టు సుప్రీత వెనకాలే లోపలికి దిగింది.

సిగ్నలు లేదు. ఎట్లా ఉంటుంది? కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో గని దొరలు కట్టుకున్న పాత బంగ్లా అందం చెడకూడదని, దాని ముందరి పచ్చికను పెళ్ళగించి, కింద మ్యూజియం కట్టి, మళ్ళీ పైన పచ్చిక పరిపించింది సుప్రీత. బంగ్లా వరండాలో నిలబడి చూస్తే కిందొక కట్టడం ఉందని ఎవరూ చెప్పలేరు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నది దాన్నే.

అంతలో కరెంటు పోయింది.

కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడని చీకటి. గాలి తెచ్చే ఫ్యాను కాసేపు మూలిగి ఆగిపోయింది. సుప్రీత ఫోను లైటు వేసింది. అద్దాల పెట్టెల్లో వరసగా పెట్టిన గని టోపీలు ఆ వెలుగులో తలల్లాగా లేచినాయి.

“పైన ఏదో చప్పుడైతా ఉండాది,” అనింది మార్తా.

“తోటమాలి ఫెలిక్స్ మిస్. గడ్డి కోస్తా ఉండాడు.”

ఇద్దరూ తలలెత్తి అరిచినారు. గడ్డి కోసే మిషను మోత సరిగ్గా నెత్తి మీదికి వచ్చింది. ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, ముందుకు పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. కాళ్ళ కింద రెండు ప్రాణాలు గొంతు చించుకుంటున్నాయని ఆ మనిషికి తెలిసే దారే లేదు.

సుప్రీత అరిచి అరిచి అలిసిపోయింది. ఒళ్ళంతా చెమట. ఎంత పీల్చినా గాలి చాలనట్టుంది.

“మిస్, మనల్ని యాడ వెతుకుతారు? మనం లోపలికి వచ్చింది ఎవరూ చూడలేదే.”

మార్తా నేల మీద కూలబడి సుప్రీత చెయ్యి పట్టుకుంది. మార్తా చెయ్యి మంచులాగా ఉంది. పెదవుల మధ్య ఏదో ప్రార్థన నలుగుతోంది.

“మా నాయన గనిలో ఇట్లాంటి చీకట్లోనే పోయినాడమ్మా,” అనింది.

ఫోను చార్జి అయిపోయి లైటు ఆరిపోయింది. మిషను మోత కూడా ఆగింది. ఫెలిక్స్ పని ముగించుకుని పోయినట్టున్నాడు. ఇంక మిగిలింది ఇద్దరి ఊపిరి చప్పుడే.

రేపు ఈ పొద్దుకు ఇక్కడ రెండు బస్సుల బడి పిల్లోళ్ళు ఉంటారు. ఆ తలపు రాగానే సుప్రీత మార్తా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇదే చీకటి, ఇదే తలుపు. దాని మీద పడి ఒకరినొకరు తొక్కుకునే చిన్న చిన్న కాళ్ళు.

“మీరు అడిగినారు మిస్,” అనింది ఏడుపు గొంతుతో. “బయటికి పోయేదానికి ఇంకో దారి పెట్టమని ప్రతి మీటింగులో అడిగినారు. పచ్చిక నడిమధ్యన మెట్లు కనబడితే బంగ్లా అందం పోతుందని నేనే ఒప్పుకోలేదు.”

మార్తా ఆమె వీపు నిమిరింది.

“పోతే పోనీ. ఆ పచ్చిక తవ్వించేస్తాను. మెట్లు కనబడితే కనబడనీ. రేపటి ఫంక్షను ఆపించేస్తాను.”

“కమిటీ ఒప్పుకోకపోతే?”

“నా పేరు తీసేసుకోమంటాను. రెండో దారి లేకుండా ఒక్క బిడ్డను కూడా ఇందులోకి దించేది లేదు.”

“బయట గాలి తగిలినాక ఈ మాట మారిపోదు కదా?”

“మారదు మిస్. మా అమ్మ మీద ఒట్టు.”

చీకట్లో మార్తా మెల్లగా పైకి లేచింది. గోడ తడుముకుంటూ తలుపు దాకా పోయింది. చీరె కుచ్చిళ్ళ దగ్గర ఏదో వెతుక్కున్న అలికిడి. ఆ వెంటనే తాళంలో చెవి తిరిగిన చప్పుడు.

“కరెంటు పోయింది మాత్రం నా పని కాదమ్మా,” అనింది, ఇంకా వణుకుతానే.