రెండో బుడగ

"నేను ఆ బల్ల ఎక్కను. చంపినా ఎక్కను!" అన్నాడు పంక్చర్ల షాపాయన, స్కానింగ్ గది గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుని.

ప్రోస్టేట్‌లో క్యాన్సరని ముక్క పరీక్షలో తేలిపోయింది. అది అక్కడే ఉందా, పొట్టలోకి పాకిందా చూడమని ఇక్కడికి పంపారు. లారీ టైర్లని అవలీలగా దొర్లించే మనిషి ఆ గుమ్మం దాటనంటున్నాడు.

"ఉందని తెలిసిందిగా. ఇంకెక్కడెక్కడుందో కూడా వినాలా?"

"ఏమయ్యా, ట్యూబులో ఒక కన్నం దొరగ్గానే అతుకేసి పంపించేస్తావా నువ్వు?" భార్య నిలదీసింది.

"ఎలా పంపిస్తానే? రెండో బుడగ వస్తుందేమోనని నీళ్ల తొట్టిలో ట్యూబంతా తిప్పి చూస్తా."

"బండివాడు విసుక్కున్నా?"

"విసుక్కోనీ. దారిలో గాలి దిగిపోతే తిట్టేది నన్నేగా!"

"మరి నీ దాకా వచ్చేసరికి తొట్టంటే భయమా?"

స్కానింగ్ డాక్టరమ్మ ఫక్కుమని నవ్వింది. వాళ్ల కూతురంత ఉంటుంది. "ఇందులో నొప్పేం ఉండదు బాబాయ్. పొట్ట మీద చల్లగా కాస్త జెల్ రాసి, పైపైన తిప్పి చూస్తాను. అంతే."

"అందరూ అలాగే అంటారు."

భార్య చెప్పులు విడిచి చటుక్కున బల్ల ఎక్కేసింది. "ముందు నాకు చేసి చూపించమ్మా. కరవదని ఈ మహావీరుడికి తెలియాలి."

డాక్టరమ్మ సరేనంది. తెర మీద బూడిద రంగు మబ్బులేవో కదిలాయి. ఆయన ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దగ్గరికొచ్చాడు.

"ఇదిగో, పిన్ని లివరు. ఈ నల్లగా కొట్టుకుంటోంది చూశారా, రక్తనాళం."

ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి గొంతే విన్నాడు గానీ, లోపల ఇంత కార్ఖానా నడుస్తోందని ఏనాడూ అనుకోలేదు. ఎవరూ పంపు కొట్టకుండానే, ఎవరూ గాలి నింపకుండానే!

"అబ్బ... ఎంత బాగా కట్టాడే దేవుడు నిన్ను!" అన్నాడు.

"ఇప్పుడు తెలిసిందా?" అంది ఆవిడ గర్వంగా.

"పక్కకి తిరగండి పిన్నీ. ఊపిరి బిగబట్టండి... సరే, దిగండి. రండి బాబాయ్."

తర్వాత ఆయన బుద్ధిగా పడుకున్నాడు. తిరగమంటే తిరిగాడు, బిగబట్టమంటే బిగబట్టాడు. అంతా అయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది. ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

"ప్రోస్టేట్‌ది పొట్టలో ఎక్కడా పాకినట్టు లేదు. అది మందులకి లొంగుతుంది."

భార్య కళ్లు మూసుకుని దండం పెట్టింది.

"కానీ రెండో బుడగ దొరికింది బాబాయ్. ఎడం కిడ్నీలో. మొదటి దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంకో పరీక్ష చెయ్యాలి గానీ, నా అనుమానం ఇదీ క్యాన్సరే. చాలా చిన్నది. ఇప్పుడు తీసేస్తే బతుక్కి ఢోకా లేదు. దానంతటది బయటపడేదాకా ఆగుంటే ఎవరి చేతుల్లోనూ ఉండేది కాదు."

ఆయన నీరుగారిపోయాడు. "ఒకటి చాలదని, నాకే రెండా తల్లీ!"

"ఊరుకో. నేను లేనూ? నిన్నెక్కడికీ పోనివ్వను," అంటూ భార్య ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ తెరని వాళ్ల వైపు తిప్పింది. ఆయన ఇందాక నోరు తెరుచుకుని చూసిన ఆ బూడిద రంగు మబ్బులే. ఒక మూల చిన్న ఉండ.

"మీకున్నది ఒకటే బాబాయ్. మీరు భయపడి గుమ్మం పట్టుకున్నారు కాబట్టి దొరికింది గానీ, ఈ రెండోది పిన్నిది."