ఎదురు తలుపు

"మళ్ళీ ఆ ఇంటికే!" ఊచల తలుపు వెనక నిలబడి అంజలై పళ్ళు నూరింది.

భుజాన సంచీ, చంకలో బొమ్మల కాగితాల చుట్టతో సుగంధి మేడమ్ ఆరో అంతస్తుకి ఎక్కి వచ్చింది. లిఫ్టు ఎప్పట్లాగే పనిచేయడం లేదు. ఆయాసం తీరేదాకా గోడకి ఆనుకుని, ఎదురు తలుపు కొట్టింది.

"రామ్మా సుగంధీ, ఎక్కలేక చచ్చుంటావు" అంటూ దేవకిరుబై తలుపు తీసింది. ఆ నవ్వు చూసి అంజలై ఊచలు గట్టిగా పట్టుకుంది.

కూవం ఏటి ఒడ్డున ఇద్దరి గుడిసెలకీ నడుమ ఒకటే మట్టిగోడ. వరద రెండింటినీ ఒకేసారి ఊడ్చుకుపోయింది. సర్కారు ఇళ్ళ బోర్డు వాళ్ళు ఊరి చివర కట్టిన ఈ ఇళ్ళకి ఇద్దరినీ ఒకే లారీలో తెచ్చారు. చీట్లు తీస్తే చెరువు గాలి కొట్టే ఇల్లు దేవకిరుబైకి పడింది. కిటికీ తెరిస్తే పక్క బ్లాకు గోడ తప్ప ఇంకేమీ కనపడని ఇల్లు అంజలైకి పడింది. సరే, చీటీ రాత అనుకుని ఊరుకుంది. మరి ఈ సుగంధి సంగతేమిటి? అన్నీ పోగొట్టుకొచ్చిన కుటుంబాలూ పిల్లలూ మళ్ళీ నిలదొక్కుకోవాలనే కదా బోర్డు వాళ్ళు కింద సహాయ కేంద్రం పెట్టి ఈవిడని వేసింది? అది అందరిదీ కాదా? ప్రతి శనివారం దేవకిరుబై మనవడు అభిషేక్ ఒక్కడికేనా ఆ రంగులూ బొమ్మలూ?

మొదట్లో సుగంధి అంజలై ఇంటికీ వచ్చింది. టీ తాగింది. మాట వరద వైపు తిప్పబోతే, "ఆ సంగతి నా గడప లోపల ఎత్తొద్దు" అని అంజలై లేచి నిలబడింది. అంతే, మళ్ళీ రాలేదు. ఒక్కసారి కసిరితే అంత రోషమా?

"నువ్వెళ్ళి కేంద్రంలో అడుగు" అంది ఆ సాయంత్రం మొగుడితో.

ఏళుమలై చేతులకంటిన సిమెంటు కడుక్కుంటూ, "ఏమని అడగమంటావే?" అన్నాడు.

"మన ఇలక్కియా పిల్ల కాదా అని."

"వదిలెయ్యి అంజలై. ఆ అబ్బాయి తల్లి లేని బిడ్డ."

"తల్లి ఉండటమేనా నా కూతురు చేసుకున్న పాపం?"

అతను కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు.

మర్నాడు కింద నీళ్ళ పంపు దగ్గర దేవకిరుబై పలకరించింది. "అంజలై, నీ బిందె ముందు పెట్టుకో. బస్సు తప్పిపోతుంది."

"అక్కర్లేదక్కా. మేడమ్‌లు వచ్చిపోయే పెద్దిల్లు మీది. ముందు మీరే పట్టుకోండి."

"అదేం మాటే?"

"ఉన్న మాటే."

నిజానికి అంజలై మంట బొమ్మల గురించి కాదు. పదేళ్ళ ఇలక్కియా ఆ ఇంటికి మరిగింది. బడి నుంచి రాగానే సంచీ పడేసి ఎదురింటికే పరుగు. అంజలై పట్నంలో పాచిపని ముగించుకుని, బస్సులు మారి వచ్చేసరికి, "ఆకలి లేదమ్మా" అనేది.

"ఏం తిన్నావే?"

"అవ్వ నెత్తళ్ళ చేపలు వేపింది."

"నేను వేపితే ముళ్ళు గుచ్చుకుంటాయన్నావు?"

పిల్ల నవ్వేసింది. ఆ నవ్వు కూడా ఎదురింటి నుంచి తెచ్చుకున్నదే అనిపించింది అంజలైకి.

వరద తర్వాత చినుకు పడితే చాలు, ఇలక్కియా మంచం కిందికి దూరేది. అంజలై కూడా దూరి, కొంగు కప్పి, వణికే ఆ ఒంటిని తన ఒంటికి అదుముకుని పడుకునేది. ఎన్ని వానలు అలా గడిచాయో! మొన్న వాన మొదలయ్యేసరికి, బస్సు దిగి తడుస్తూ పరిగెత్తి, మెట్లన్నీ ఎక్కి వచ్చి చూస్తే మంచం కింద ఎవరూ లేరు. ఎదురింటి కిటికీ దగ్గర నిలబడి, చేతులు బయటికి చాచి, అరచేతుల్లో వాన పట్టుకుంటోంది పిల్ల. పక్కన దేవకిరుబై చప్పట్లు కొడుతోంది.

"మందు పెట్టింది" అని గొణుక్కుంది అంజలై. గాలి దానికే, మేడమ్ దానికే. ఇప్పుడు కన్నకూతురు కూడా దానికేనా?

మళ్ళీ వచ్చిన శనివారం కూడా ఆమె పనికి వెళ్ళలేదు. సుగంధి ఎదురింట్లోకి వెళ్ళిన కాసేపటికి ఇలక్కియా కూడా జారుకుంది. తర్వాత లోపల్నుంచి పిల్ల గొంతు వినపడింది. ఏదో చెబుతోంది, ఏడుస్తోంది, మధ్యలో నవ్వుతోంది. తన దగ్గర నాలుగు ముక్కలు మాట్లాడని పిల్ల!

అంజలై తలుపు తోసుకుని వెళ్ళింది. అభిషేక్ ఓ మూల కూర్చుని రంగులు పూసుకుంటున్నాడు. ఇలక్కియా తల దేవకిరుబై ఒళ్ళో ఉంది. ఎదురుగా సుగంధి.

"ఏం కిరుబక్కా! మనవడున్నాడు చాలదా, నా కూతురు కూడా కావలసొచ్చిందా?"

"అంజలై, కూర్చో ముందు..."

"కూర్చోను. మేడమ్, మీరు చెప్పండి. వీడొక్కడి కోసం ఇన్ని మెట్లు ఎక్కుతారే, నా గడప తొక్కితే కాళ్ళు అరిగిపోతాయా?"

సుగంధి లేచి నిలబడింది. "అక్కా, నేను వచ్చేది అభిషేక్ కోసం కాదు. మీ పాప కోసం. ఏళుమలై అన్న అడిగితేనే వస్తున్నాను. మీ ఇంట్లో కుదరదని ఈ అమ్మ చోటిచ్చింది."

మొగుడికి తెలుసు. ఈ ఎదురింటిదానికి తెలుసు. తనకే తెలియదు. ఆ ఉక్రోషమంతా పిల్ల మీదికి మళ్ళింది. రెట్ట పట్టుకుని లేపింది.

"నా ఇంట్లో నీకేం తక్కువైందే? అన్నం పెట్టలేదా? వానొస్తే కొంగు కప్పలేదా? అక్కడ లేనిది ఇక్కడేముందో చెప్పు!"

ఇలక్కియా కళ్ళు తుడుచుకుంది. తల్లి ముఖంలోకి భయంభయంగా చూసింది.

"వరదకి పోయిన తమ్ముడి గురించి ఇక్కడ మాట్లాడొచ్చమ్మా."