ముల్లు ఎర్రగీత దాటింది

ఎనిమిదో తరగతిలో కంప్యూటరు తెర మీద శబ్దాన్ని కొలిచే ముల్లు కదులుతోంది. కొమరోలు బస్సు హారన్‌ను మించిన గొంతుతో హెడ్మాస్టరు రామలింగయ్య లోపలికి వచ్చాడు.

"బొమ్మలాటలు చాలు! ఈ కంప్యూటరు నా రూముకి పంపియ్యండి!"

ముల్లు ఎర్రగీత దాటింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఏందది?"

ముల్లు మళ్లీ దాటింది.

"మీ గొంతే సార్," అంది సైన్సు టీచరు, మౌసు వదలకుండానే. "అంత శబ్దం పిల్లోళ్ల చెవులకు చేటంట."

ఆయన గొంతు తగ్గించాడు. ముల్లు దిగింది.

"మంచి యంత్రమే. ఈడే ఉండనియ్యండి," అని గుసగుసగా చెప్పి, మునివేళ్ల మీద వెళ్లిపోయాడు.

ముందు బెంచీలోని రోశమ్మ చెయ్యెత్తింది. "టీచర్, మైకు తగిలించనే లేదు గదా, ముల్లు ఎట్ల లేచింది?"

"ఇది ఉత్తుత్తి ప్రయోగం. నేను మౌసు ఎటు జరిపితే ముల్లు అటు పోతుంది. రాసుకోండి."