పందొమ్మిదో గడి

“ఏదో ఒక అంకె వేసి పంపించేయమ్మా. ఐదు గంటలకు గడువు అయిపోతాది,” అన్నారు ల్యాబు పెద్ద మురళీధర, గుమ్మంలో నిలబడి.

“నాకు తెలియని అంకె నేనెట్లా వేసేది సార్?” అనఘ లాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పింది.

సైన్సు పత్రికవాళ్లు పంపిన జాబితా తెర మీద ఉంది. డి.ఎన్.ఏ. ఎంత దెబ్బతిందో కొలిచే పరీక్షను ఎవరు చేసినా, ఎలా చేశారో ఈ వివరాలన్నీ చెప్పి తీరాలి. లేదంటే వ్యాసాన్ని ముట్టుకోరు. ఒక్కో మనిషివి ఎన్ని కణాలు లెక్కపెట్టారు, లెక్కపెట్టినవాళ్లకు అది ఎవరి రక్తమో ముందే తెలుసా, కరెంటు ఎన్ని నిమిషాలు పెట్టారు... ఇరవై రెండు గళ్లలో ఇరవై ఒకటి నిండాయి. పందొమ్మిదోది ఖాళీగా ఉంది.

దిబ్బూరహళ్ళి గులాబీ షెడ్లలో పురుగుమందు కొట్టే నలభై మంది రక్తం. కైవారంలో మందు జోలికి పోని నలభై మంది రక్తం. కణాలను గాజు పలక మీద జిగురులో పరిచి కరెంటు పెడితే, తెగిన డి.ఎన్.ఏ. ముక్కలు తోకచుక్కకు తోకలా వెనక్కి సాగుతాయి. తోక ఎంత పొడుగైతే దెబ్బ అంత పెద్దది. కైవారం వాళ్లకు తోకలు లేవన్నట్టే. దిబ్బూరహళ్ళి వాళ్లకు స్పష్టంగా ఉన్నాయి.

అయితే, పరీక్ష సరిగ్గా పనిచేస్తోందని కూడా రుజువు చూపాలి. అందుకోసం ఆరోగ్యంగా ఉన్న ఒకరి రక్తంలో కావాలని పెరాక్సైడ్ కలిపి, కణాలను పాడుచేసి, పక్కన పెట్టి చూస్తారు. ఎంత పెరాక్సైడ్? ఎన్ని నిమిషాలు? పందొమ్మిదో గడి అడిగేది అదే.

“ఆ రక్తం ఇచ్చింది నువ్వే కదా,” అని నవ్వారు మురళీధర. “నీ రక్తాన్ని ఏం చేసినారో నీకే తెలీదా?”

“రక్తం ఇచ్చింది నేను, కలిపింది ప్రతిమ, సార్. ఆ లెక్క పుస్తకంలో ఎక్కియ్యలేదు.”

“తోకలు వచ్చినాయా లేదా?”

“బాగా వచ్చినాయి. మూడు వేరే వేరే దినాలు చేసినాం. మూడుసార్లూ ఒకటే తీరు. అదే కరెంటు పెట్టెలో పెట్టిన కైవారం రక్తం శుభ్రంగా ఉండాది, నాది మాత్రం దిబ్బూరహళ్ళి వాళ్లకంటే మూడింతలు తోకలు. చూసి లెక్కపెట్టింది నేనే.”

“ఇంకేం మరి? పరీక్ష గట్టిగా ఉండాది. వేసేయ్ ఒక అంకె.”

“మందు కంపెనీవాళ్లు మొదట పట్టుకొనేది ఇట్లాంటి గడినే సార్. ఇది అబద్ధమైతే మొత్తం అబద్ధమే అంటారు. మందు కొట్టే హనుమక్క వాళ్లు రేపు మళ్లీ ముక్కుకు కొంగు కట్టుకొని ఆ షెడ్లలోకి పోవల్ల.”

మురళీధర గడియారం చూసుకుని వెళ్లిపోయారు. మూడున్నర అయింది.

మైక్రోస్కోపు గదికి పట్టపగలే నల్ల పరదాలు వేసి ఉన్నాయి. ఫ్రిజ్ గుర్రుమంటోంది. ప్రతిమ సింకు దగ్గర గాజు పలకలు కడుగుతోంది. పదేళ్లుగా ఆ ల్యాబులో పనిచేస్తున్న మనిషి, అనఘను చూస్తే పలకరించకుండా ఉండేది కాదు. ఈమధ్య మాత్రం ఎదురుపడితే తల దించుకుని పోతోంది.

“ప్రతిమా, నా రక్తంలో పెరాక్సైడ్ ఎంత కలిపినావు?”

ప్రతిమ కొళాయి కట్టేసింది. ఇటు తిరగలేదు.

“మేడమ్... మీకు ఒంట్లో బాగుండాది కదా?”

“నాకేమైంది? అడిగినదానికి చెప్పు.”

అనఘ తానే వెళ్లి బీరువా తెరిచింది. గోధుమరంగు సీసా పై అరలోనే ఉంది. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా తగిలింది. మూత తీసి బోర్లించింది. చుక్క రాలలేదు.

“ఇది ఎప్పుడు అయిపోయింది?”

“ఉగాదికి ముందే మేడమ్. కొత్తది రాయించినాము. ఇంకా రాలేదు.”

“మనం పరీక్ష పెట్టింది ఉగాది అయినాక కదా!”

“ఊఁ.”

అనఘ సీసా కింద పెట్టింది. పాత పలకలేవో తెచ్చి తన ముందు పెట్టిందా ఈమె? అంటే ఆ తోకలన్నీ ఇంకెవరివో. ఎనభై మంది నమ్మి చాపిన చేతులు, ఏడాది పని, అంతా బూడిద.

“ఎవరి పలకలు చూపించినావు నాకు? నిజం చెప్పు!”

“దేవుని మీద ఆన మేడమ్, పాతవి కాదు. మీ రక్తమే. ఆ దినం తీసింది ఆ దినమే పెట్టినా.”

గొంతులో అబద్ధం లేదు. అనఘ ఊపిరి పీల్చుకుంది. పుస్తకం తెరిచి పెన్ను మూత తీసింది.

“సరే. పెరాక్సైడ్ లేదని ఇంకేదో వాడినావు. దాని పేరు చెప్పు, అదే రాస్తాను. సార్‌తో నేను మాట్లాడుకొంటాను, నువ్వు భయపడద్దు. ఏం కలిపినావు? ఎంత కలిపినావు?”

ప్రతిమ ఇటు తిరిగింది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంది.

“సీసా ఖాళీ అని చెప్తే సార్ పని ఆపొద్దన్నారు. తోకలు రావు, అప్పుడు మీరే అడుగుతారు, చెప్పేయొచ్చు అనుకొంటి. వచ్చేసరికి భయమై మళ్లీ పెట్టినా, మళ్లీ పెట్టినా. మూడుసార్లూ మీ రక్తంలో నేనేమీ కలపలేదు మేడమ్.”